విరాళం, సీటు, రశీదు

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు పెదనాన్నగారి ఇనప్పెట్టె సర్దే పని నా మీద పడింది. ఆయన కాలం చేసి ఏడాది దాటింది. పాత శిస్తు రశీదులు, సహకార బ్యాంకు నోటీసులు, పొగాకు అమ్మకపు చీటీలు అన్నీ తీశాక అట్టడుగున మడత పెట్టిన గులాబీరంగు కాగితం ఒకటి కనిపించింది. 1987వ సంవత్సరపు రశీదు అది. భవన నిధికి స్వచ్ఛందంగా ఇచ్చిన విరాళమని అందులో రాసి ఉంది. ఇచ్చిన వారి పేరు పెదనాన్నగారిది. అన్నయ్య పేరు గానీ, సీటు అన్న మాట గానీ అందులో ఎక్కడా లేవు. అంకె మాత్రం ఉంది. అది మేము నిజంగా ఇచ్చినదానిలో నాలుగోవంతు.

ఆ సంగతి నాకు తెలుసు. ఎందుకంటే డబ్బు మోసినవాణ్ణి నేనే. రెండెకరాల మాగాణి అమ్మగా వచ్చిన సొమ్మును అరిసెల డబ్బా అడుగున పెట్టి, పైన కాగితం పరిచి, దానిమీద అరిసెలు పేర్చి నా చేతికిచ్చారు. పదహారేళ్ళ కుర్రవాడి చేతిలో పిండివంటల డబ్బా ఉంటే ఎవరూ అనుమానించరని పెదనాన్నగారి ఆలోచన. గుంతకల్లులో రైలు మారి కర్ణాటకలో ఒక ఊరు చేరాము. కళాశాల పేరు ఇక్కడ అనవసరం. కార్యాలయంలో ఒక గుమాస్తా నోట్లు లెక్కపెట్టుకొని, ఈ రశీదు రాసిచ్చి, "అబ్బాయిని సోమవారం పంపించండి" అన్నాడు. అంతే. అన్నయ్య వైద్య విద్యార్థి అయిపోయాడు.

ఈ కాగితాన్ని చేతిలో పట్టుకున్నాక అసలీ 'విరాళం' అనే మాట ఇక్కడికి ఎలా వచ్చి చేరిందో తెలుసుకోవాలనిపించింది. కొన్నాళ్ళుగా తీర్పులూ, చట్టాలూ తిరగేస్తున్నాను. ఆ చదువు ఫలితమే ఈ టపా. కాస్త పొడవైంది, మన్నించాలి.

*

మన ప్రాంతంలో ఒకప్పుడు విరాళానికి సూటి అర్థమే ఉండేది. ఇచ్చినవాడు ఇచ్చాడు, ఊరు పుచ్చుకుంది. విశాఖపట్నంలో 1923లో ప్రభుత్వ పక్షాన వైద్య కళాశాల వెలసిన తరువాత చాలాకాలం ఆ చదువు సర్కారు వ్యవహారంగానే ఉండిపోయింది. 1958లో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల, 1959లో వరంగల్లులో కాకతీయ వైద్య కళాశాల ప్రైవేటు సంఘాల ఆధ్వర్యంలో మొదలయ్యాయి. వాటిని తరువాతి కాలంలో ప్రభుత్వం స్వీకరించింది. 1980లో విజయవాడలో సిద్ధార్థ అకాడమీ స్థాపించిన కళాశాల కూడా చివరికి ప్రభుత్వ పరమైంది. అంటే ఒక తరంపాటు మనదగ్గర ప్రైవేటుగా పుట్టిన వైద్య కళాశాల సర్కారు గూటికి చేరడం ఆనవాయితీ.

పొరుగున కథ మరోలా నడిచింది. 1953లో డాక్టర్ టి.ఎం.ఎ. పాయ్ మణిపాల్‌లో కస్తూర్బా వైద్య కళాశాలను స్థాపించారు. ప్రభుత్వ ధనం లేకుండా, చదువుకునేవారి సొమ్ముతోనే కళాశాల నిలబడగలదన్న నమూనాకు దానినే ఆద్యంగా చెప్తారు. ఆ నమూనాలో తప్పేమీ లేదు. ఖర్చయ్యేది ఎవరో ఒకరు పెట్టుకోవాలి. కానీ ఆ బాటలో తరువాత నడిచిన వారందరి లెక్కలూ అంత తేటగా లేవు. భవన నిధికని కొందరు, అభివృద్ధి నిధికని కొందరు సీటుకింత అని పుచ్చుకోవడం మొదలుపెట్టారు. కాపిటేషన్ అంటే తలకింత అని అర్థం. తెలుగునాట ఆ మాట ఎవరికీ నోరు తిరగలేదు. 'డొనేషన్' అన్నారు. "డొనేషన్ కట్టి చేరాడు" అన్న వాక్యం మన భాషలోకి అలా వచ్చింది. విరాళం 'కట్టడం' ఏమిటని ఎవరూ అడగలేదు. కట్టేది పన్ను, శిస్తు, అప్పు. విరాళాన్ని ఇస్తారు. క్రియాపదం మారిన చోటే అసలు సంగతి బయటపడిపోయింది.

1983లో ఆంధ్రప్రదేశ్ ఈ బేరాన్ని చట్టంతో నిషేధించింది. విద్యాసంస్థల ప్రవేశాల నియంత్రణ, కాపిటేషన్ రుసుము నిషేధ చట్టం అది. ఆ ఏడాది ఐదవ చట్టం. అర్హత పరీక్ష మార్కులను బట్టో, ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టో సీటివ్వాలి. నిర్ణయించిన రుసుముకు మించి పుచ్చుకున్న ప్రతి పైసా కాపిటేషనే. పుచ్చుకున్నవారికి మూడేళ్ళకు తగ్గని జైలుశిక్ష. ఎంసెట్ పరీక్ష, 1986లో విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఆ వెంటనే వచ్చాయి. గోడకు అంటించిన ర్యాంకుల జాబితాలో ఎవరిది ఎన్నో స్థానమో పోస్టుమాను కూతురికీ, మంత్రిగారి కొడుకుకీ ఒకే అక్షరాల్లో కనిపించేది.

చట్టం గట్టిదే. కానీ దానికి పొలిమేర ఉంది. పొలిమేర దాటితే కర్ణాటక. అక్కడ కూడా 1984లో నిషేధ చట్టం వచ్చింది. అయినా మా అరిసెల డబ్బా 1987లో అక్కడికే వెళ్ళింది.

*

ఆ వ్యవహారం మొత్తాన్ని న్యాయస్థానానికి ఈడ్చినది ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌కు చెందిన మోహినీ జైన్ అనే విద్యార్థిని. 1991లో ఆమె తుమకూరు సమీపంలోని ఒక ప్రైవేటు కళాశాలలో సీటు కోరింది. 1989 జూన్ 5న కర్ణాటక ప్రభుత్వం ఇచ్చిన ప్రకటన ప్రకారం ప్రభుత్వ కోటాలో చేరినవారికి ఏడాదికి 2,000 రూపాయలు, కర్ణాటక వాసులకు 25,000, బయటివారికి 60,000 రుసుము. అది కాక నాలుగున్నర లక్షలు కూడా అడిగారని ఆమె ఆరోపణ. కళాశాల దానిని కాదన్నది. 1992 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏ పేరుతో పుచ్చుకున్నా కాపిటేషన్ రాజ్యాంగ విరుద్ధమనీ, విద్య పొందే హక్కు జీవించే హక్కులో భాగమనీ ఆ తీర్పు సారాంశం.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. మోహినీ జైన్‌కు సీటు రాలేదు. ఆమె ప్రతిభ ప్రాతిపదికన ఎంపికైనది కాదనీ, తరగతులు అప్పటికే మొదలైపోయాయనీ న్యాయస్థానం ఆమెకు ప్రవేశం ఇప్పించలేదు. దేశానికంతటికీ ఒక హక్కును సంపాదించిపెట్టిన వ్యాజ్యంలో వాది వట్టి చేతులతో ఇంటికి వెళ్ళింది.

అదే 1992లో మన రాష్ట్రం వెనక్కి నడిచింది. మన పిల్లల డబ్బంతా పొరుగు రాష్ట్రాలకు పోతున్నది, ఆ కళాశాలలేవో ఇక్కడే ఉంటే పోలేదా అన్న వాదన ఆ రోజుల్లో ప్రతి రచ్చబండ మీదా వినిపించేది. 1983 చట్టంలోకి 3-ఎ అనే కొత్త నిబంధన చేరింది. దాని భావం ఇది: ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు సగం సీట్లను పరీక్షలో అర్హులైన వారిలో ఎవరికైనా, ర్యాంకుతో నిమిత్తం లేకుండా ఇచ్చుకోవచ్చు, కాపిటేషన్‌ను నిషేధించిన ఐదవ సెక్షను ఆ సీట్లకు వర్తించదు. ఒక చట్టం తన నడుముకు తానే గొడ్డలి పెట్టుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. దాని వెంటే ప్రైవేటు వైద్య, దంత వైద్య కళాశాలలకు అనుమతులు కుప్పగా వచ్చాయి.

1992 సెప్టెంబరు 18న రాష్ట్ర హైకోర్టు పూర్తి ధర్మాసనం ఆ నిబంధనను కొట్టివేసింది. అక్టోబరులో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి రాజీనామా చేశారు. వైద్య కళాశాలల సీట్ల మీద ఒక ముఖ్యమంత్రి పదవి వదులుకోవడం అప్పటివరకూ తెలుగువారు కని విని ఎరుగరు. యాజమాన్యాలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. 1993 ఫిబ్రవరి 4న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పు అక్కడి నుంచి వచ్చినదే. అందులో ప్రధాన తీర్పు రాసిన వారు మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. 3-ఎ నిలవలేదు. దాని స్థానంలో ఒక పథకం వచ్చింది. సగం సీట్లు 'ఫ్రీ', సగం 'పేమెంటు'. రెండూ ర్యాంకు వరుసలోనే నిండాలి. యాజమాన్యం ఇష్టానికి మిగిలేది ఏమీ లేదు.

మన ఇళ్ళలో 'ఫ్రీ సీటు', 'పేమెంటు సీటు' అన్న మాటలు అప్పుడు పుట్టాయి. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. కానీ పేమెంటు విద్యార్థి కట్టే సొమ్ముతో ఫ్రీ విద్యార్థి చదువుతాడు. మొదటి సగం ర్యాంకులు ఎవరివి? మంచి శిక్షణకు డబ్బు పెట్టగల పట్నవాసులవి. వెనకబడిన పల్లె విద్యార్థి అప్పు చేసి వాళ్ళ చదువు ఖర్చు భరించాలి. 2002 అక్టోబరు 31న పదకొండు మంది న్యాయమూర్తులు ఇచ్చిన టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ తీర్పు ఈ లోపాన్నే ఎత్తిచూపుతూ ఆ పథకాన్ని పక్కన పెట్టింది. 1953లో ఈ బాట వేసిన మనిషి పేరు మీదనే ఈ తీర్పు కూడా రావడం చరిత్ర చేసిన చమత్కారం. సంస్థ స్థాపించడం ఒక హక్కు, కొంత మిగులు ఉండవచ్చు, లాభార్జనా కాపిటేషనూ కూడవు అన్నది ఆ తీర్పు.

మిగులుకూ లాభానికీ మధ్య గీత ఎక్కడ? దానిని గీయడానికి 2003 ఆగస్టులో ఇస్లామిక్ అకాడమీ తీర్పు విశ్రాంత న్యాయమూర్తుల అధ్యక్షతన రెండు కమిటీలు వేయమన్నది. ఒకటి ప్రవేశాలకు, ఒకటి రుసుములకు. 2005 ఆగస్టు 12న ఇనాందార్ తీర్పు ప్రభుత్వ సాయం పొందని కళాశాలల్లో సర్కారు తన కోటాను బలవంతంగా రుద్దరాదన్నది. ఎన్నారైలకు 15 శాతం మించకుండా సీట్లు ఇవ్వవచ్చుననీ, అలా వచ్చిన సొమ్మును బీద విద్యార్థుల మేలుకు వాడాలనీ చెప్పింది. ఆ తరువాతి మన పదజాలం మీకు తెలిసినదే: కన్వీనర్ కోటా, మేనేజిమెంటు కోటా, ఎన్నారై కోటా. ఎన్నడూ విమానం ఎక్కని మేనమామలు ఎందరో ఆ రోజుల్లో కాగితాల మీద అమెరికా వెళ్ళొచ్చారు.

*

ఇక నీట్. 2013 మే 5న తొలిసారి జరిగింది. జూలై 18న సుప్రీంకోర్టు 2-1 ఆధిక్యంతో కొట్టివేసింది. 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పు వెనక్కి పోయి పరీక్ష తిరిగి వచ్చింది. ఆ ఏడాదే మే 2న మోడరన్ డెంటల్ కాలేజి తీర్పు, ప్రైవేటు కళాశాలల ప్రవేశాలకు ఉమ్మడి పరీక్షనూ, రుసుములపై రాష్ట్రాల నియంత్రణనూ సమర్థించింది. 2020 ఏప్రిల్ 29న అల్పసంఖ్యాక సంస్థలకు కూడా నీట్ తప్పదని తేలింది. మేనేజిమెంటు కోటాకు కూడా ర్యాంకు కావలసి రావడం మేలైన మార్పే, కాదనలేము.

పరీక్ష ఒక్కటే చాలదని కూడా తేలింది. తెలంగాణలో 2016లో ఎంసెట్-2 వైద్య ప్రశ్నపత్రం లీకై, పిల్లలు సెప్టెంబరులో మూడోసారి పరీక్ష రాయవలసి వచ్చింది. 2024లో నీట్ ప్రశ్నపత్రమే బయటికి పొక్కింది.

దానికన్నా నన్ను ఆలోచనలో పడవేసిన లెక్క వేరొకటి. 2023లో నీట్ రాసినవారు 20 లక్షల పైచిలుకు. అర్హులైనవారు 11 లక్షల పైచిలుకు. దేశంలో ఉన్న ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్ష పైచిలుకు. ఒక సీటుకు పదిమందికి పైగా అర్హులు. ప్రైవేటు కళాశాలలో రుసుము ఏడాదికి లక్షల్లో ఉన్నప్పుడు ముందున్న ర్యాంకువాడు కట్టలేక తప్పుకుంటాడు, తరువాతివాడూ తప్పుకుంటాడు, ఎక్కడో లక్షల ర్యాంకు దగ్గర కట్టగలిగినవాడు దొరుకుతాడు. ఎవరూ నియమం తప్పలేదు. ఎవరూ చీకటిలో చేయి చాపలేదు. కానీ 1992లో 3-ఎ ఏమన్నది? అర్హులైనవారిలో ఎవరికైనా, ర్యాంకుతో నిమిత్తం లేకుండా అన్నది. హైకోర్టు కొట్టివేసిన ఆ మాట రుసుము రూపంలో తిరిగి వచ్చిందేమోనని నా అనుమానం.

అందుకే రుసుము సంగతే నేటి అసలు పోరు. 2017 సెప్టెంబరు 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రైవేటు ఎం.బి.బి.ఎస్. రుసుమును ఏడాదికి 24 లక్షలకు పెంచింది. అంతకు ముందున్న దానికి ఏడు రెట్లు. హైకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థిస్తూ, విద్య లాభాలు గడించే వ్యాపారం కాదనీ, రుసుము అందుబాటులో ఉండాలనీ చెప్పి, అప్పీలు చేసిన కళాశాలకూ, ప్రభుత్వానికీ కలిపి 5 లక్షలు ఖర్చుల కింద విధించింది. నియంత్రించవలసిన ప్రభుత్వమే యాజమాన్యం పక్కన నిలబడి జరిమానా పంచుకున్న సందర్భం అది.

అదే ఏడాది మే నెలలో, కాపిటేషన్ అడిగితే ఎవరైనా ఫిర్యాదు చేసేందుకు ఒక జాల ద్వారం ఏర్పాటు చేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. 1983లో మన చట్టం నిషేధించిన దాని మీద 2022లో ఫిర్యాదుల పెట్టె! 2025లో పి.జి. సీట్ల బ్లాకింగు వ్యాజ్యంలో మరో అడుగు పడింది. కౌన్సెలింగుకు ముందే ప్రతి ప్రైవేటు కళాశాల తన బోధన రుసుము, హాస్టలు ఖర్చు, ధరావతు, ఇతర వసూళ్ళు అన్నీ బయటపెట్టాలని న్యాయస్థానం ఆదేశించింది. వివరాలన్నీ ముందే వెల్లడి కావాలట. నలభై ఏళ్ళ వ్యాజ్యాల తరువాత మనం చేరిన చోటు ఇది: ధర ఎంతో గోడ మీద రాయండి.

*

ఇప్పుడు నా సొంత లెక్కకు వస్తాను.

అన్నయ్య మంచి వైద్యుడు. 1994లో మా ఊళ్ళోనే ఆసుపత్రి పెట్టాడు. అర్ధరాత్రి తలుపు తట్టినా విసుక్కోడు. పాము కరిచిన కూలీలను సొంత కారులో ఒంగోలు తీసుకువెళ్ళిన రోజులున్నాయి. డొనేషన్ కట్టినవాడు డాక్టరుగా పనికిరాడని తేలిగ్గా అనేవారి మాట నేను ఒప్పుకోలేను. ఆ వాదన నిలవదు కూడా.

కానీ ఆ ఆసుపత్రి ప్రారంభం నాడు జరిగిన ఒక సంభాషణ ఇన్నేళ్ళూ నా వెంట వస్తున్నది. మా ఊరి పోస్టుమానుగారి అమ్మాయి అన్నయ్యతో కలిసి ఇంటర్ చదివింది. ఎంసెట్‌లో అన్నయ్య కంటే చాలా ముందున్న ర్యాంకు ఆమెది. అయినా సీటుకు కొద్దిదూరంలో ఆగిపోయింది. బి.ఎస్సీ., బి.ఇడి. చేసి జిల్లాపరిషత్తు పాఠశాలలో జీవశాస్త్రం చెప్పేది. ఆనాడు ఆమె కూడా వచ్చి, అందరితోపాటు పలహారం తీసుకుని, అన్నయ్యను మనసారా అభినందించింది. నేను ఏదో ఒకటి అనాలని, "నీకు సీటు రాకపోవడం అన్యాయం అక్కా" అన్నాను.

"అన్యాయమేముందిరా? జాబితా గోడకు అంటించారు. మా నాన్నా నేనూ వెళ్ళి చూసుకున్నాం. నా పైన ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకున్నాను. నాకంటే వాళ్ళకు ఎక్కువ మార్కులొచ్చాయి. ఇంటికొచ్చి ఏడ్చాను కానీ ఎవరినీ తిట్టుకోలేదు" అన్నది. కాసేపాగి, "మీ అన్నయ్య పేరు ఏ గోడకు అంటించార్రా?" అని అడిగింది.

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అరిసెల డబ్బా మోసిన నేను నేల చూపులు చూశాను.

న్యాయం, పారదర్శకత అన్న పెద్ద మాటలకు నాకు దొరికిన అర్థం ఇంతే. ఓడిపోయినవాడు తాను ఎక్కడ, ఎంత దూరంలో, ఎవరి చేతిలో ఓడిపోయాడో చూసుకోవడానికి ఒక గోడ ఉండాలి. ఆ గోడ మీద ర్యాంకు ఒక్కటే ఉంటే సగం నిజమే. ఏ ర్యాంకువారు ఏ రుసుముకు ఏ కోటాలో చేరారో, వారికి ముందున్న ఎందరు ఆ రుసుము విని వెనుదిరిగారో అది కూడా ఉండాలి. అప్పుడు మనం ఎంపిక చేస్తున్నది దేనినో మనకే అర్థమవుతుంది. సీట్లు పెంచాలా, సర్కారు కళాశాలలు కట్టాలా, రుసుము తగ్గించాలా అన్న చర్చ ఆ తరువాత నిజాయితీగా సాగుతుంది.

పెదనాన్నగారి మీద నాకు కోపం లేదు. భూమిని ప్రాణంగా చూసుకున్న మనిషి రెండెకరాలు అమ్ముకున్నాడు. ఇచ్చినది మొత్తం రాసి ఇమ్మని అడిగితే సీటు పోతుందేమోనని భయపడ్డాడు. నాలుగోవంతుకు రశీదు పుచ్చుకుని, దాన్ని ముప్ఫై ఏళ్ళకు పైగా ఇనప్పెట్టెలో దాచుకున్నాడు. ఎందుకు దాచాడో ఆయన చెప్పలేదు. చెల్లని కాగితమని తెలిసీ పారవేయలేకపోయాడంటే, ఆయనకు కూడా ఏదో ఒక గోడ కావలసి వచ్చిందనుకుంటాను.

అన్నయ్యకు ఆ కాగితం చూపించాను. చాలాసేపు చూసి, "రాయి, పరవాలేదు" అన్నాడు. అందుకే రాశాను. మీ ఇళ్ళలోనూ, మీ నాన్నగారి బీరువాల్లోనూ ఇలాంటి రశీదులు ఉండే ఉంటాయి. ఒకసారి తీసి చూడండి. పేర్లు వద్దు. అంకెలు చాలు.